పూజారమ్మని మంత్రగత్తెని చేసిందెవరు?



'వూడూ' అనే మాట వినగానే మీకు ఏం గుర్తొస్తుంది? సూదులు గుచ్చిన గుడ్డబొమ్మ. ఆడమనిషి మెడలో పాము. సమాధిలోంచి లేచి నడిచే శవం. అంతే కదా? మనలో ఎవరూ హైతీ పోలేదు, న్యూ ఓర్లీన్స్ చూడలేదు. అయినా ఆ బొమ్మ మన బుర్రలో గట్టిగా కూర్చుంది. సినిమాలు, కామిక్స్, సీరియళ్లు కలిసి దాన్ని కూర్చోబెట్టాయి.

ఆ బొమ్మ వెనక ఒక నిజమైన మనిషి ఉంది. పేరు మేరీ లావో. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, న్యూ ఓర్లీన్స్ నగరం. పుట్టింది 1801లో, పోయింది 1881లో. 'వూడూ రాణి' అని ప్రపంచమంతా పిలిచేది ఈమెనే. ఈమె మీద నవలలు వచ్చాయి, పాటలు వచ్చాయి, టీవీ సిరీస్ వచ్చింది. దాదాపు అన్నిట్లో ఆమె పేరు ఉంది. ఆమె మాత్రం కనపడదు.

"ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం, ఈ కథ మనకెందుకన్నా?" అంటారేమో. అణగదొక్కబడిన జనంలోని పూజారమ్మ కథని వేరేవాళ్లు రాసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నా మాట ముందే చెప్పేస్తా. చారిత్రక నవల రాసేవాళ్లకి కల్పించే స్వేచ్ఛ ఉంది, ఉండాలి. కానీ ఒక జనం దేవుణ్ణి దయ్యం చేసి, వాళ్ల పూజారమ్మని హంతకురాలిని చేసి, "కథే కదా" అని తప్పించుకోవడం కుదరదు. అట్లాగే ఆ జనం వైపు నిలబడేవాళ్లు ఆమెని మచ్చలేని దేవతని చేసి నిజం దాచడమూ కుదరదు.

ముందు వూడూ అంటే ఏందో చూద్దాం. పడమటి ఆఫ్రికాలో, ఇప్పటి బెనిన్ దేశం ఉన్నచోట, ఒకప్పుడు దహోమీ అనే రాజ్యం ఉండేది. అక్కడి ఫోన్ జనం భాషలో 'వోడూన్' అంటే ఆత్మ, దైవం. ఆ జనాన్ని, చుట్టుపక్కల జనాల్ని గొలుసులు వేసి ఓడల్లో కుక్కి చెరకు తోటలకి అమ్మేశారు. తోటలో దిగగానే పాత పేరు తీసేసి, బాప్తిస్మం ఇచ్చి, కొత్త పేరు పెట్టేవాళ్లు. వాళ్లు తమ దేవుళ్లని వదల్లేదు. క్యాథలిక్ సెయింట్ల పటాల వెనక తమ ఆత్మల్ని నిలబెట్టుకున్నారు. బయటికి సెయింట్ పీటర్, లోపల లెగ్బా. ఈ లెగ్బా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. నాలుగు దారుల కూడలి దగ్గర ఉండే ముసలి దైవం ఆయన. మనుషులకీ ఆత్మలకీ మధ్య తలుపు తెరిచేది ఆయనే. అందుకే పూజలో తొలి పిలుపు ఆయనకే.

సూదుల బొమ్మ ఈ మతానికి గుండెకాయ ఏమీ కాదు. బొమ్మకి సూదులు గుచ్చి కీడు చేయడమనే నమ్మకం ఐరోపా పల్లెల్లోనూ పాతదే. తమ ఇంటి భయాన్నే తెచ్చి నల్లోళ్ల గుడిలో పెట్టారన్నమాట.

తెల్లదొరలకి ఈ మతమంటే అంత భయం ఎందుకు? దానికి గట్టి కారణమే ఉంది. 1791 ఆగస్టు. ఫ్రాన్సు చేతిలో ఉన్న సాన్ డొమింగ్ వలస, అంటే ఇప్పటి హైతీ. బ్వా కైమాన్ అనే చోట రాత్రి పూట బానిసలు కలిశారు. నడిపింది బూక్మన్ అనే పూజారి. ఆయన పక్కన సెసిల్ ఫాతిమాన్ అనే పూజారమ్మ ఉందని హైతీ జనం చెప్పుకుంటారు. కొద్ది రోజుల్లోనే తోటలు అంటుకున్నాయి. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. బానిసలు తిరగబడి గెలిచి దేశం కట్టుకున్న చరిత్ర అది. అప్పటినుంచీ బానిసల్ని ఉంచుకున్న ప్రతి యజమానికీ డప్పు శబ్దం అంటే నిద్ర పట్టేది కాదు.

ఆ యుద్ధం నుంచి చెదిరిన కాందిశీకులు వేలమంది 1809లో క్యూబా మీదుగా న్యూ ఓర్లీన్స్ చేరారు. వాళ్లలో తెల్లవాళ్లున్నారు, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లున్నారు, బానిసలూ ఉన్నారు. 1817లో నగర మండలి బానిసలు ఆదివారం మాత్రమే, అదీ చెప్పిన ఒక్క చోటనే కూడాలని కట్టడి చేసింది. ఆ మైదానమే కాంగో స్క్వేర్. మేరీ లావో పెరిగిన ఊరు ఇదీ.

ఇప్పుడు కాగితాల్లో ఉన్న మేరీని చూద్దాం. ఆమె పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్న స్త్రీ. అవ్వ కేథరిన్ బానిసగా ఉండి, డబ్బు కట్టి తన స్వేచ్ఛని తానే కొనుక్కున్న మనిషి. సెయింట్ ఆన్ వీధిలోని ఇల్లు ఆ అవ్వ కట్టించిందే. 1819 ఆగస్టులో సాన్ డొమింగ్ నుంచి వచ్చిన జాక్ పారిస్ అనే వడ్రంగిని మేరీ చర్చిలో పెళ్లి చేసుకుంది. కొన్నేళ్లకే ఆయన కనుమరుగయ్యాడు. అప్పటినుంచి కాగితాల్లో ఆమె పేరు 'పారిస్ విధవ'. తర్వాత క్రిస్టోఫ్ గ్లాపియోన్ అనే తెల్లాయనతో 1855లో ఆయన చనిపోయేదాకా కాపురం చేసింది. నల్లామె, తెల్లాయన పెళ్లి చేసుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. పుట్టిన పిల్లల్లో చాలామంది చిన్నప్పుడే పోయారు. పెద్దయింది ఇద్దరు కూతుళ్లే. రోగుల్ని చూసుకునేదని, ఉరిశిక్ష పడ్డ ఖైదీల దగ్గరికి వెళ్లి ధైర్యం చెప్పేదని పేరు. చర్చికీ వెళ్లేది, ఆత్మల్నీ పిలిచేది. రెండూ ఆమెకి ఒకే ఇంట్లోని రెండు గదులు.

ఇంత బతుకు ఉన్న మనిషిని కథలు ఏం చేశాయి?

1881లో ఆమె చనిపోయినప్పుడే పత్రికలు రెండుగా చీలాయి. కొన్ని దయగల తల్లి అన్నాయి, కొన్ని వెక్కిరించాయి. 1930లలో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకి పని ఇవ్వడానికి ఒక పథకం పెట్టింది. అందులో భాగంగా లూసియానాలో ముసలి నల్లవాళ్ల దగ్గరికి పోయి మేరీ గురించి వాళ్లకి గుర్తున్నది రాసుకొచ్చారు. బంగారం లాంటి సమాచారం. దాన్ని వాడుకుని రాబర్ట్ టాలెంట్ అనే తెల్ల రచయిత 1946లో వూడూ మీద ఒక పుస్తకం, 1956లో మేరీ మీద ఒక నవల వేశాడు. మసాలా దట్టించాడని తర్వాతి చరిత్రకారులు తప్పుపట్టారు. కానీ పర్యాటకులకి చెప్పే కథలకి ఆ మసాలానే పునాది అయింది. చూశారా? చెప్పింది మన లాంటి అవ్వలు, తాతలు. పుస్తకం మీద పేరు ఇంకొకరిది.

1974లో ఆమె పేరుతో ఒక కంట్రీ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో మేరీ బురదనేలలో బతికే వికారమైన మంత్రగత్తె, మగాళ్లని మాయం చేసేది. నగరం నడిబొడ్డున సొంతింట్లో బతికిన మనిషిని తీసుకుపోయి బురదలో పడేశారు.

2013లో ఒక పెద్ద అమెరికన్ హారర్ సిరీస్ వచ్చింది. అందులో మేరీకి చావు లేదు. ఆ వరం కోసం ఏటా ఒక పసిబిడ్డని లెగ్బాకి అప్పజెప్పాలి. ఇక్కడ ఆగండి. తలుపు తెరిచే ముసలి దైవం పిల్లల్ని అడిగే దయ్యమయ్యాడు. కన్న బిడ్డల్ని ఒక్కొక్కరిగా మట్టిలో కలుపుకున్న తల్లి పిల్లల్ని ఎత్తుకుపోయేది అయింది. నటించిన నల్లజాతి నటి గొప్పగా చేసింది, మెచ్చుకున్నారు కూడా. వేషం బాగుంటే అబద్ధం ఇంకా బాగా నాటుతుంది.

"అన్నా, అది హారర్. నమ్మేవాడెవడు?" అంటారు. నమ్ముతారు. కథ నమ్మకం కింద పడి ఉంటుంది, అవసరం వచ్చినప్పుడు లేస్తుంది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించి కూర్చుంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1932లో, హైతీ నేపథ్యంతో జాంబీల సినిమా వచ్చింది. ఆ దేశం నిండా చేతబడులు, నడిచే శవాలు అని చూపిస్తే, మన సైన్యం అక్కడెందుకు అని అడిగేవాడు ఉండడు కదా. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చి ఊళ్లకు ఊళ్లు కూలితే, అమెరికాలో పేరున్న ఒక టీవీ ప్రబోధకుడు, వాళ్ల పూర్వీకులు దయ్యంతో ఒప్పందం చేసుకున్న ఫలితమిది అన్నాడు. బ్వా కైమాన్ గురించే ఆ మాట. అదే ఏడాది చివర కలరా వచ్చింది. వూడూ పూజారులే రోగం పంచుతున్నారని అల్లరి మూకలు 40 మందికి పైగా చంపాయి. కలరా వచ్చింది ఐక్యరాజ్యసమితి సైనికుల శిబిరం నుంచి అని తర్వాత తేలింది. వ్యాప్తిలో తమ పాత్ర ఉందని 2016లో ఆ సంస్థే ఒప్పుకుంది. చచ్చినోళ్లు మాత్రం పూజారులు. అంటే కథకి రక్తం అంటుతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. 1850 జూలైలో న్యూ ఓర్లీన్స్ పత్రికలో ఒక చిన్న వార్త వచ్చింది. వూడూ స్త్రీల పెద్ద, 'పారిస్ విధవ' అనే మేరీ లావో మేజిస్ట్రేటు ముందుకి వచ్చి ఒక పోలీసు కాపలాదారు మీద ఫిర్యాదు ఇచ్చింది. 50 డాలర్ల విలువ చేసే కన్య విగ్రహాన్ని అతను మోసంతో తన దగ్గర పెట్టుకున్నాడని ఆమె ఆరోపణ. ఆ వేసవంతా పోలీసులు వూడూ కూటముల మీద దాడులు చేస్తున్నారు. బానిసలు, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు, తెల్ల ఆడవాళ్లు ఒకేచోట కూడి ఆడిపాడటం వాళ్ల దృష్టిలో నేరం. అదే వేసవిలో బెట్సీ టొలెడానో అనే ఇంకో స్త్రీని పట్టుకుపోతే, ఇది ఆఫ్రికా నుంచి మా అవ్వ తెచ్చిన ఆచారం, దీన్ని జరుపుకునే హక్కు నాకుంది అని ఆమె కోర్టులోనే వాదించింది.

ఊహించండి. బానిసత్వం ఇంకా చట్టమై ఉన్న ఊరు. ఒక నల్ల పూజారమ్మ తెల్ల మేజిస్ట్రేటు ముందు నిలబడి, మీ పోలీసోడి దగ్గర ఉన్న విగ్రహం లెక్క తేల్చు అంటోంది. దీనికన్నా పెద్ద సీను ఏం కావాలి? పాము ఎందుకు? పొగ ఎందుకు? ఈ జనానికి మంత్రం ఉంటే చాలు, చట్టం, హక్కు, మాట ఉండకూడదు అనుకునేవాడికి పాము కనబడుతుంది గానీ కోర్టు మెట్లు కనబడవు.

ఇంతవరకు చదివి "శభాష్ మేరీ" అనుకుంటున్నారు కదా. ఇప్పుడు కష్టమైన మాట. అవే కాగితాలు ఇంకోటి కూడా చెప్తాయి. మేరీ, గ్లాపియోన్ బానిసల్ని కొన్నారు, అమ్మారు. అవ్వ డబ్బు పోసి తన స్వేచ్ఛ కొనుక్కున్న ఇంట్లో, మనవరాలి కాలంలో మనుషుల క్రయవిక్రయాలు జరిగాయి. చరిత్రకారిణి కెరొలిన్ మారో లాంగ్ 2006లో వచ్చిన తన పుస్తకంలో దస్తావేజులు వెతికి దీన్ని బయటపెట్టింది. ఆమె బానిసల్ని పారిపోయేలా సాయం చేసేదని, కొనడం కూడా విడిపించడానికే అని చెప్పుకునే కథలున్నాయి. చెప్పుకోవడం వేరు, కాగితం వేరు.

మేరీ అభిమానులు చాలామంది ఈ పేజీ తిప్పేస్తారు. నాకైతే అసలు నవల ఇక్కడే మొదలవుతుంది. రోగి పక్కన రాత్రంతా కూర్చున్న చేయి మనిషిని అమ్మే దస్తావేజు మీద సంతకానికి ఎట్లా ఒప్పుకుంది? పూజలో ఆ అమ్ముడుపోయిన మనిషి కూడా డప్పు కొట్టాడా? ఆ మనిషి కళ్లతో మేరీ ఎట్లా కనబడింది? ఈ ప్రశ్నలు వేస్తే ఆమె చిన్నదైపోదు, మనిషి అవుతుంది. మనల్ని అణిచిన వ్యవస్థ మన ఇంట్లోకి కూడా ఎట్లా దూరుతుందో చెప్పే కథ అవుతుంది.

నల్లజాతి రచయిత్రులు ఈ పని వైపు అడుగులు వేశారు. జోరా నీల్ హర్‌స్టన్ మానవశాస్త్రం చదివి, న్యూ ఓర్లీన్స్ పోయి, మేరీ మేనల్లుణ్ణి అని చెప్పుకున్న ఒక పెద్దాయన దగ్గర శిష్యురాలిగా కూర్చుంది. 1935లో వచ్చిన ఆమె పుస్తకంలో ఆ మతం వెక్కిరింతకి గురి కాదు, గురువు దగ్గర నేర్చుకునే విద్యగా ఉంటుంది. జ్యూవెల్ పార్కర్ రోడ్స్ 1993 నవలలో మేరీని అవ్వ, అమ్మ, మనవరాలు అనే తరాల దారంలో పెట్టి చూసింది. ఆమె శక్తిని డబ్బు చేసుకోవాలని చూసే మగవాడితో మేరీ పడే పోరాటం ఆ కథకి వెన్నెముక. అందులో ఎంతో కల్పన ఉంది, అద్భుతాలూ ఉన్నాయి. నాకేం అభ్యంతరం లేదు. ఎందుకంటే ఆ కల్పన మేరీని ఆమె జనం మధ్యలోకి తీసుకుపోతుంది, జనం నుంచి ఊడబీకదు. కల్పనకి నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ పరీక్ష మనకి తెలిసిన కథకి కూడా పెట్టండి. 2022లో ప్రపంచమంతా చూసిన సినిమాలో కొమురం భీం ఉన్నాడు. పూర్తి కల్పన అని తీసినవాళ్లే చెప్పారు, సరే. జోడేఘాట్ గుట్టల్లో 12 ఊళ్ల కోసం నిజాం సర్కారు మీద పోరాడి 1940లో నేలకొరిగిన మనిషి, సినిమాలో ఢిల్లీ పోయి తెల్లదొరతో తలపడతాడు. చివర్లో తన స్నేహితుణ్ణి చదువు ఇవ్వమని అడుగుతాడు. మనోళ్లు చెప్పుకునే భీం చదవను, రాయను నేర్చుకుని, సర్కారుతో దరఖాస్తుల భాషలో కూడా మాట్లాడిన మనిషి. బలం మనది, బుద్ధి వాళ్లది అన్నట్టుగా ఎందుకు కుదిరింది ఆ కథ? పాట బాగుంది, నేనూ చూశా, చప్పట్లు కొట్టా. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. మేరీకి పాము మిగిల్చి కోర్టు తీసేసినట్టే, భీంకి కండలు మిగిల్చి కలం తీసేశారు.

మన కటోడ, మన వడ్డె, మన దిసారి తెర మీదికి వచ్చినప్పుడు ఏమవుతున్నారో గమనించండి. పుర్రెల దండ, పిచ్చి కేకలు, బలి కత్తి. హీరోకి అడ్డం పడే ఒక మూక. ఆ బొమ్మ చూసి పెరిగిన పిల్లగాడు రేపు ఆఫీసరై మన గూడేనికి వస్తాడు. ఇక మన మధ్యే చేతబడి అనుమానంతో ముసలివాళ్లని, ఒంటరి ఆడవాళ్లని కొట్టి చంపిన ఘటనలు మనకి తెలియనివి కావు. జార్ఖండ్‌లో మంత్రగత్తె అని ముద్ర పడి, చావు తప్పించుకుని, అట్లాంటి ఆడవాళ్ల కోసమే జీవితం పెట్టిన ఛుట్నీ మహతోకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 'మంత్రగత్తె' అనే మాట తెర మీద వినోదం. ఊళ్లో అది ఉరితాడు. బయటోడు మన పూజారమ్మని మంత్రగత్తె అంటే మండిపడే మనం, మన పక్కింటి అవ్వని అదే మాట అంటే నోరు మూసుకుంటే ఎట్లా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన మీద కథ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ మనిషి వెనక ఆమె జనం ఉన్నారా, లేక ఒంటరి వింతగా నిలబెట్టారా? ఆమె దేవుడి పేరు ఆ జనం ఇచ్చిన అర్థంతో ఉందా? ఆమెకి బుద్ధి, తప్పు, పశ్చాత్తాపం, నవ్వు ఉన్నాయా, లేక శక్తి ఒక్కటే ఉందా?

అడగడంతో ఆపొద్దు. మీరే రాయండి. మీ ఊరి పూజారి ఇంట్లో ముసలమ్మ ఉంటే ఇవాళే పోయి కూర్చోండి. ఫోన్ జేబులో ఉంది కదా, ఆమె ఒప్పుకుంటే రికార్డు చేయండి. బయటికి చెప్పకూడని మాట ఏదో ఆమెనే అడగండి, దాన్ని లోపలే ఉంచండి. పర్ధాన్ల కిక్రీ పాటలో మన చరిత్ర ఉంది, పట్టా కాగితంలోనూ, కోర్టు ఫైల్లోనూ, పాత అర్జీలోనూ ఉంది. రెండూ వెతకండి. దొరికిన దాంట్లో మనకి నచ్చనిది ఉంటే, అదీ రాయండి. దాచిపెడితే రేపు ఇంకొకడు తవ్వి, మనకి వ్యతిరేకంగా చూపిస్తాడు.

న్యూ ఓర్లీన్స్‌లో మేరీదని చెప్పే సమాధి మీద వచ్చినోళ్లంతా కోరిక తీరాలని ఇంటూ గుర్తులు గీసేవాళ్లు. 2013 చివర్లో ఎవరో దానికి గులాబీ రంగు పులిమేశారు. తర్వాత 2015 నుంచి గైడు లేకుండా ఆ శ్మశానంలోకి పర్యాటకుల్ని రానివ్వడం లేదు. ఆ మనిషి బతుకు మీద కూడా 140 ఏళ్లుగా ఎవరికి తోచిన గీత వాళ్లు గీస్తూనే ఉన్నారు. మన అవ్వల మీద ఆ గీతలు పడకముందే వాళ్ల మాట మన చేతుల్లో ఉండాలి.

రాయండి. రాసింది ముందు మీ ఊళ్లో చదివి వినిపించండి, తర్వాతే లోకానికి చూపించండి.

జై సేవా!